నాకు పని నేర్పి ఉద్యోగం వదిలి వెళుతున్న ఆవిడకు నేనేం సమాధానం చెప్పాలి?

ప్రశ్న: ఒంగోలువాసి, ప్రస్తుతం ఒహాయో

అందరికీ నమస్కారం. ఈ విషయం ఎవరినైనా ఇంగ్లీషులో అడిగితే అటువాళ్లో ఇటువాళ్లో మీద పడతారనిపించింది. తెలుగులోనైతే మనలో మనం ఉన్నదున్నట్టు మాట్లాడుకోవచ్చునని ఇక్కడ రాస్తున్నాను.

నేను పదేళ్లుగా ఒక భారతీయ ఐటీ సేవల సంస్థలో పనిచేస్తున్నాను. 2021లో హెచ్-1బి వీసా మీద, అంటే నిపుణులైన విదేశీ ఉద్యోగులకు అమెరికా ఇచ్చే తాత్కాలిక వీసా మీద వచ్చి, అప్పటి నుంచి ఇక్కడి ఒక బీమా కంపెనీ ప్రాజెక్టులో ఉన్నాను. గత నవంబరులో ఆ కంపెనీ తన మెయిన్‌ఫ్రేమ్ (పాతకాలపు పెద్ద కంప్యూటర్ల) విభాగం పనినంతా మా సంస్థకు అప్పగించి, అందులో ఏళ్ల తరబడి పనిచేస్తున్న ఆరుగురు అమెరికన్లకు మూడు నెలల గడువిచ్చింది. ఆ మూడు నెలలూ వాళ్లు తమ పనిని మాకు నేర్పాలి. నేర్పితేనే వెళ్లేటప్పుడు ఇచ్చే పరిహారం చేతికి వస్తుంది. కేటీ (నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్) అని మనందరం రోజూ అనే మాటకు ఇక్కడ అర్థం ఇదే. నేర్చుకునేవాళ్లం ఇక్కడ ఇద్దరం, హైదరాబాదులో తొమ్మిదిమంది.

నాకు నేర్పుతున్న ఆవిడకు యాభై ఎనిమిదేళ్లు. ఆవిడ దగ్గర నీలం అట్ట నోటుపుస్తకం ఒకటి ఉంది. రాత్రిపూట వాటంతటవే వరుసగా నడిచే ప్రోగ్రాముల్లో, అంటే బ్యాచ్ జాబ్‌లలో, ఏది ఎప్పుడు ఆగింది, ఎందుకు ఆగింది, ఎలా సరిచేశారన్నది 1996 నుంచీ తేదీలతో సహా అందులో రాసి ఉంది. నెలాఖరు ఆదివారం పడితే ప్రీమియం లెక్క ఎక్కడ తప్పుతుందో ఒక పేజీలో, ఫిబ్రవరి 29న ఏ ఫైలును చేత్తో సరిచేయాలో మరో పేజీలో ఉంటుంది. కంపెనీ డాక్యుమెంట్లు ఎంత వెతికినా ఇవి కనబడవు. ఆవిడ ఒక్కో పేజీ చదివి వినిపిస్తుంటే నేను టైపు చేసుకుంటున్నాను. పోయిన గురువారం పుస్తకం మూసి, ఏమాత్రం కోపం లేకుండా, "నిన్ను ఈ పనిలోకి తీసుకున్నప్పుడు మేం వెళ్లిపోవలసి వస్తుందని నీకు తెలుసా?" అని అడిగారు. తెలియదన్నాను. నిజంగానే తెలియదు. కానీ ఆ మాట చెప్పాక కూడా నాకు మనసు కుదుటపడలేదు.

మా నాన్నగారికి ఫోనులో చెబితే, "నువ్వు పరీక్ష రాసి, కష్టపడి, వీసా లాటరీలో పేరొస్తే వెళ్లావు. ఎవరి కడుపూ కొట్టలేదు" అన్నారు. మన వాట్సాప్ గుంపుల్లో అడిగితే, వాళ్లకు చేతకాక మనమీద ఏడుస్తున్నారంటారు. చేతకాని మనిషి ముప్పై ఏళ్ల పాటు అలాంటి పుస్తకం రాయరు.

అమెరికన్ ఉద్యోగిని తీసేసి ఆ స్థానంలో హెచ్-1బి ఉద్యోగిని పెట్టకూడదని చట్టంలో ఉందని విన్నాను. ఉంటే ఇది ఎలా సాధ్యమైంది? మనవల్ల ఇక్కడివారి ఉద్యోగాలు పోతున్నాయన్న మాటలో నిజమెంత? హెచ్-1బి మీద కొత్తగా పెట్టిన లక్ష డాలర్ల రుసుముతో ఆవిడలాంటివారికి మేలు జరుగుతుందా? తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం: న్యూజెర్సీ నుంచి, ఇమ్మిగ్రేషన్ లా ఆఫీసులో ఉద్యోగి

హెచ్-1బి దరఖాస్తులు తయారుచేయడమే పదిహేనేళ్లుగా నా పని. మీ మొదటి ప్రశ్నకు జవాబు మింగుడుపడదు. మీరు విన్న నిబంధన చట్టంలో ఉంది, కానీ మీ ఆఫీసులో జరిగినదాన్ని అది ఆపలేదు.

హెచ్-1బి ఇప్పుడున్న రూపంలో 1990 నాటి చట్టంతో వచ్చింది. ఏడాదికి 65,000 వీసాలు. అమెరికాలో మాస్టర్స్ చదివినవారికి 2004 చట్టం మరో 20,000 చేర్చింది. దరఖాస్తుకు ముందు యజమాని కార్మిక శాఖకు ఎల్‌సీఏ అనే పత్రం దాఖలు చేస్తాడు. ఆ ప్రాంతంలో ఆ పనికి నడుస్తున్న జీతం, తన సంస్థలో అదే పనికి ఇస్తున్న జీతం, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే అది ఇస్తానన్న హామీ అందులో ముఖ్యమైనది. ముందు అమెరికన్ల కోసం వెతికి, దొరకలేదని రుజువు చేయాలన్న షరతు మామూలు హెచ్-1బిలో లేదు. ఉందని మనవారిలో చాలామంది నమ్ముతారు. అది గ్రీన్‌కార్డు కోసం చేసే పర్మ్ దశలోని షరతు.

ఇక తొలగింపు సంగతి. 1998లో కాంగ్రెసు, తమ ఉద్యోగుల్లో హెచ్-1బి వారు ఎక్కువగా ఉన్న సంస్థలను, అంటే యాభైమందికి పైబడిన సంస్థలో 15 శాతం లేదా అంతకు మించి ఉంటే, వేరే వర్గంగా చూసింది. అలాంటి సంస్థ దరఖాస్తుకు అటూ ఇటూ తొంభై రోజుల్లో అమెరికన్ ఉద్యోగిని తొలగించకూడదు, తన మనిషిని పంపే క్లయింటు దగ్గర కూడా అలా జరగడం లేదని విచారించుకోవాలి. ఇంతవరకు బాగుంది. కానీ ఆ హెచ్-1బి ఉద్యోగికి ఏడాదికి 60,000 డాలర్లు ఇచ్చినా, లేక అతనికి ఆ రంగంలో మాస్టర్స్ డిగ్రీ ఉన్నా, ఈ షరతులేవీ వర్తించవని అదే చట్టం మినహాయింపు ఇచ్చింది. 1998లో అరవై వేలంటే మంచి జీతం. ఇవాళ నా చేతిమీదుగా వెళ్లే ఐటీ దరఖాస్తుల్లో అంతకన్నా తక్కువ జీతం చూసిన గుర్తు లేదు. ఆ అంకెను నేటివరకు పెంచలేదు. ఉన్న రక్షణ అలా కాగితం మీద మిగిలిపోయింది. పైగా, మీ విషయంలో మీ వీసా 2021 నాటిది, తొలగింపు నిరుడు జరిగింది. ఆ తొంభై రోజుల లెక్కకు ఇది ఎటూ అందదు.

ఇది మీ ఒక్క ఆఫీసు కథ కాదు. 2015 జనవరిలో ఫ్లోరిడాలోని ఓర్లాండోలో డిస్నీ సంస్థ సుమారు 250మంది టెక్నాలజీ ఉద్యోగులను ఇలాగే తీసేసింది. చాలామంది తమ చోటికి వచ్చినవారికి తామే పని నేర్పి వెళ్లారు. అదే రోజుల్లో సదరన్ కాలిఫోర్నియా ఎడిసన్ అనే విద్యుత్ సంస్థలోనూ ఇదే జరిగింది. డిస్నీ ఉద్యోగి ఒకరు 2016 ఫిబ్రవరిలో సెనేట్ ఉపసంఘం ముందు సాక్ష్యం చెబుతూ కన్నీళ్లు పెట్టుకున్నారు. వారు కోర్టుకు వెళ్లారు. అదే ఏడాది అక్టోబరులో జడ్జి కేసు కొట్టివేశారు. ఎల్‌సీఏలోని హామీ ఆ సంస్థ తన ఉద్యోగుల విషయంలో ఇచ్చినదే తప్ప క్లయింటు ఉద్యోగుల గురించి కాదన్నది అక్కడ గెలిచిన వాదన.

నేను రోజూ ఆ పత్రాలు నింపే మనిషిని. చట్టబద్ధమైనదంతా న్యాయమని నేను చెప్పలేను.

సమాధానం: గచ్చిబౌలి నుంచి

నేను అమెరికాలో ఏడేళ్లు ఉండి 2017లో తిరిగివచ్చాను. ఇప్పుడు ఒక విదేశీ బ్యాంకు హైదరాబాదులో నడిపే సొంత కేంద్రంలో, అంటే జీసీసీలో, ఒక విభాగం చూస్తున్నాను. మీ కేటీలో హైదరాబాదు వైపు కూర్చున్న తొమ్మిదిమంది గురించి ఎవరైనా మాట్లాడాలి కనుక రాస్తున్నాను.

మీ ప్రాజెక్టులో అక్కడ ఉన్నది ఇద్దరు, ఇక్కడ తొమ్మిదిమంది. వీసా చర్చంతా ఆ ఇద్దరి చుట్టూ తిరుగుతుంది. ఆరుగురి పని ఎక్కువ భాగం వచ్చింది ఈ తొమ్మిదిమందికి. వీళ్లెవరికీ వీసా అక్కరలేదు, లాటరీ లేదు, లక్ష డాలర్ల రుసుమూ లేదు. 2025 సెప్టెంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన ఆ రుసుము ప్రధానంగా విదేశం నుంచి కొత్తగా రప్పించే ఉద్యోగి మీద పడుతుంది. ఇప్పటికే అక్కడ ఉన్న మీ మీద పడదు, ఇక్కడున్న మా మీదా పడదు. బ్రిటా గ్లెనన్ అనే ఆర్థికవేత్త పరిశోధన ఈ విషయంలో చదవదగినది. హెచ్-1బి సంఖ్య తగ్గినప్పుడు బహుళజాతి సంస్థలు ఆ ఉద్యోగాలను అమెరికన్లకు ఇవ్వడం కన్నా భారత్, చైనా, కెనడాల్లోని తమ శాఖలను పెంచుకున్నాయని ఆమె చూపించారు. మా భవనంలో రెండేళ్లలో రెండు అంతస్తులు నిండడం నా కళ్లతో చూశాను.

అలాగని మనవల్ల ఎవరికీ నష్టం లేదని నేను అనను. ఆ మాట అనేవాళ్లు లెక్కలు చూడలేదు. జాన్ బౌండ్, గౌరవ్ ఖన్నా, నికోలస్ మొరాలెస్ అనే ముగ్గురు 1990ల ఐటీ ఊపును అధ్యయనం చేశారు. విదేశీ కంప్యూటర్ నిపుణులు రాకపోయి ఉంటే 2001 నాటికి అమెరికన్ కంప్యూటర్ ఉద్యోగుల జీతాలు 2.6 నుంచి 5.1 శాతం దాకా ఎక్కువగా ఉండేవని తేల్చారు. మొత్తం మీద అమెరికాకు లాభమే కలిగింది. వస్తువుల ధరలు తగ్గాయి, కంపెనీల లాభాలు పెరిగాయి. కానీ ఆ లాభం ఒకరికి, నష్టం మరొకరికి చేరింది. మీ నోటుపుస్తకం ఆవిడ ఆ రెండో వరుసలోని మనిషి. దేశం మొత్తానికి మేలు జరిగిందని ఆమెతో చెప్పడం భావ్యం కాదు.

ఆ ఊపులోనే మన చరిత్ర కూడా ఉంది. వై2కె కోసం, అంటే 2000 సంవత్సరం తేదీకి పాత ప్రోగ్రాములు తప్పకుండా సరిచేయడానికి, కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాష తెలిసినవాళ్లు కావాలంటే అమీర్‌పేట గదుల్లో రాత్రింబవళ్లు నేర్పిన రోజులవి. హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ 1998లో తెరిచారు. వీసా ఆశతో కంప్యూటర్ చదువులకు ఎగబడిన తరంలో వెళ్లగలిగినవారికన్నా ఇక్కడే మిగిలినవారు ఎక్కువ. వారి పనితోనే ఈ పరిశ్రమ ఇక్కడ నిలబడింది.

మీ ఒహాయో సెనేటర్ బెర్నీ మొరెనో, విదేశాలకు అవుట్‌సోర్సింగ్ కింద చెల్లించే సొమ్ము మీద 25 శాతం పన్ను వేయాలని 2025 సెప్టెంబరులో ఒక బిల్లు ప్రవేశపెట్టారు. అది మా కడుపు మీద కొడుతుందని నాకు తెలుసు. కానీ ఉద్యోగాలు ఏ దారిన పోతున్నాయో ఆయన సరిగ్గానే చూశారని ఒప్పుకోవాలి.

సమాధానం: ఫ్రిస్కో, టెక్సస్ నుంచి ఒక తల్లి

బాబూ, నేను 1999లో ఒక కన్సల్టెన్సీ ద్వారా ఇదే వీసా మీద వచ్చాను. రెండు పడకగదుల గెస్ట్‌హౌస్‌లో ఎనిమిదిమందిమి. ప్రాజెక్టు దొరికేదాకా బెంచి మీద నాలుగు నెలలు, జీతం లేదు. పని లేని రోజులకు కూడా జీతమివ్వాలని అప్పటికే చట్టంలో ఉందని నాకు పదేళ్ల తర్వాత తెలిసింది. ఇప్పుడు నేను ఈ దేశ పౌరురాలిని. మా అబ్బాయి ఇక్కడే పుట్టి, 2024 మేలో కంప్యూటర్ సైన్స్ డిగ్రీ తీసుకున్నాడు. ఇవాళ్టికీ వాడికి ఉద్యోగం రాలేదు.

కొత్తగా పట్టా పుచ్చుకున్న కంప్యూటర్ సైన్స్ విద్యార్థుల్లో నిరుద్యోగం 6.1 శాతమని న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు 2025లో లెక్క చెప్పింది. మా ఇంట్లో ఆ లెక్కకు ముఖం ఉంది. రోజూ ఉదయం తొమ్మిదింటికి స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, తన గదిలోనే కంప్యూటర్ ముందు కూర్చుంటాడు. ఎందుకురా అంటే, అలవాటు తప్పకూడదమ్మా అంటాడు. పోయిన ఏడాది ఉగాదికి గుడిలో కలిసిన మనవాళ్లే వాడికి సలహా ఇచ్చారు, రెస్యూమేలో మూడేళ్ల అనుభవం పెట్టించుకోమని, ఫోను ఇంటర్వ్యూ వేరేవాళ్లు ఇస్తారని. వాడు నా ముఖం చూశాడు. నేను తలదించుకున్నాను, ఎందుకంటే అలా నిలదొక్కుకున్న కుటుంబాలు మా వీధిలోనే నాకు తెలుసు.

2024 ఆర్థిక సంవత్సరం లాటరీకి అర్హమైన నమోదులు 7,58,994 వచ్చాయి. అందులో 4,08,891 ఒకటికన్నా ఎక్కువసార్లు పేరు నమోదైన వ్యక్తులవి. ఒక్కో పిల్లవాడి పేరు నాలుగైదు కన్సల్టెన్సీలు వేశాయి. మరుసటి ఏడాది నుంచి సంస్థలను బట్టి కాక మనిషిని బట్టి లెక్కించడం మొదలుపెట్టగానే ఆ సంఖ్య 4,70,342కు పడిపోయింది. నియమం ప్రకారం ఒక్కసారే పేరు వేసుకుని లాటరీలో పోగొట్టుకున్న మన పిల్లలే ఎంతోమంది ఉన్నారు. ఇది బయటివారు మనమీద వేసిన నింద కాదు, ప్రభుత్వమే ప్రకటించిన లెక్క.

ఇంకొకటి. చదువయ్యాక ఓపీటీ అనే తాత్కాలిక పని అనుమతి మీద పనిచేసే విదేశీ విద్యార్థికి సాధారణంగా ఈ దేశానికి వచ్చిన మొదటి ఐదేళ్లు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులుండవు. యజమానికి కూడా తన వాటా 7.65 శాతం మిగులుతుంది. అంటే మా అబ్బాయి, వాడి తరగతిలోనే చదివిన గుంటూరు పిల్లవాడు ఒకే జీతానికి ఒప్పుకున్నా, మా అబ్బాయి ఖరీదెక్కువ. ఆ గుంటూరు పిల్లవాడు తప్పేమీ చేయలేదు, పండగలకు మా ఇంట్లోనే భోంచేస్తాడు. అయినా ఇలాంటి ఏర్పాటును మనవాళ్లకు లాభమని సమర్థించడం నావల్ల కావడం లేదు.

సమాధానం: సియాటిల్ నుంచి

అక్కగారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. కన్సల్టెన్సీల గురించి మీరన్న ప్రతి మాటతో ఏకీభవిస్తాను. అయితే మీ అబ్బాయి పరిస్థితికి వీసాలు ఒక్కటే కారణమనుకోవద్దని మనవి. 2022 నుంచి వడ్డీరేట్లు పెరిగాయి. అదే సంవత్సరం నుంచి సాఫ్ట్‌వేర్ తయారీ ఖర్చును ఒకే ఏడాదిలో చూపించకుండా ఐదేళ్లకు పంచాలన్న పన్ను నియమం అమలైంది, దానిని 2025లో సవరించారు. కొత్తవారిని తీసుకోవడం అన్నిచోట్లా తగ్గింది. మా విభాగంలో గత ఏడాది కాలేజీ నుంచి నేరుగా ఎవరినీ తీసుకోలేదు, అమెరికన్‌నూ కాదు, భారతీయుణ్నీ కాదు.

ఒంగోలు మిత్రునికి నేను చెప్పదలచినది వేరు. ఆవిడ మీ జీతం అడిగి ఉంటే బాగుండేది. మీరు ఆమె స్థానంలోకి రావడానికి మీ తెలివి ఒక కారణం కావచ్చు గానీ, మీరు ఎదురుచెప్పలేని మనిషి కావడం అసలు కారణమని నా నమ్మకం.

కార్మిక శాఖ జీతాలను నాలుగు స్థాయిలుగా విభజించింది. ఒక ప్రాంతంలో ఒకే పని చేసే వందమందిని తక్కువ జీతం నుంచి ఎక్కువ జీతం వరకు వరుసలో నిలబెడితే, పదిహేడో మనిషి జీతం మొదటి స్థాయి, ముప్పై నాలుగో మనిషిది రెండో స్థాయి. యాభయ్యో మనిషి దగ్గరికి వచ్చేసరికి మూడో స్థాయి. అంటే మొదటి రెండు స్థాయిలూ నడిమి జీతం కన్నా తక్కువని ప్రభుత్వమే రాసిపెట్టింది. పదేళ్ల అనుభవమున్న మీ ఎల్‌సీఏ మీద ఏ స్థాయి వేశారో ఒకసారి చూడండి. ఆ పత్రం నకలు మీకు ఇవ్వవలసిన బాధ్యత మీ సంస్థది. 2025 డిసెంబరులో ఖరారైన కొత్త నియమం ప్రకారం లాటరీలో నాలుగో స్థాయి వారి పేరు నాలుగుసార్లు, మొదటి స్థాయి వారి పేరు ఒక్కసారి వేస్తారు. లక్ష డాలర్ల రుసుము కన్నా ఇది మేలైన ఆలోచన. అయితే చదువు ముగించి మొదటి ఉద్యోగంలో చేరే పిల్లలకు మాత్రం దెబ్బే.

జీతం ఒక్కటే కూడా కాదు. నా ప్రయారిటీ డేటు, అంటే గ్రీన్‌కార్డు వరుసలో నా స్థానాన్ని నిర్ణయించే తేదీ, 2016. ఏడాదికి ఇచ్చే 1,40,000 ఉద్యోగ ఆధారిత గ్రీన్‌కార్డుల్లో ఏ దేశానికైనా 7 శాతం పరిమితి ఉండడం వల్ల నా వంతు ఇంకా రాలేదు. ఉద్యోగం మారడానికి చట్టం ఒప్పుకుంటుంది. మారితే కొత్త సంస్థ పర్మ్ మళ్లీ మొదటి నుంచి చేయాలి. ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజుల్లో మరొకటి వెతుక్కోవాలి. నాలుగేళ్లప్పుడు వచ్చిన మా అమ్మాయికి పదహారు నిండాయి. ఇరవై ఒకటి వస్తే నా వీసా నీడ నుంచి తప్పుకోవాలి. ఇన్ని ముళ్లు చుట్టూ పెట్టుకున్న మనిషి, మేనేజరు శనివారం రమ్మంటే రానని ఎలా అంటాడు? నేను తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా జీతం పెంచమని అడగలేదు. నా పక్క కుర్చీలోని అమెరికన్ అడిగినప్పుడు, నేను అడగకపోవడమే యజమాని చేతిలో అతని మీద ఆయుధమైంది.

మాకు ఉద్యోగం మారే స్వేచ్ఛ నిజంగా ఇస్తే, ఆ అరవై వేల అంకెను ఈనాటి జీతాలకు తగ్గట్టు పెంచితే, మాకూ ఆవిడకూ కూడా మేలు. మన సంఘాలు ఎప్పుడూ వీసాల సంఖ్య పెంచమనే అడుగుతాయి. ఈ రెండూ అడగడం నేనెన్నడూ వినలేదు.

ప్రశ్న అడిగిన ఒంగోలువాసి

అందరికీ కృతజ్ఞతలు. ఫ్రిస్కో అమ్మగారూ, మీ అబ్బాయికి త్వరలో మంచి కబురు రావాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. సియాటిల్ మిత్రులు చెప్పినట్టు నా ఎల్‌సీఏ తీసి చూశాను. పదేళ్ల అనుభవానికి రెండో స్థాయి వేశారు.

నిన్న కేటీ మొదలయ్యే ముందు ఆవిడతో మాట్లాడాను. తెలియదని నేనన్నది నిజమే గానీ, తెలిసి ఉన్నా నేను వచ్చేవాణ్నేమోనని చెప్పాను. అరవై వేల మినహాయింపు గురించి చెబితే ఆవిడ కాగితం మీద రాసుకున్నారు. తమ సెనేటరు ఆఫీసుకు ఉత్తరం రాస్తానన్నారు. నా జీతం అడగలేదు, నేనే చెప్పాను. కొంచెంసేపు మౌనంగా ఉండి, తనకు 2009లో అంతకన్నా ఎక్కువ వచ్చేదన్నారు.

మార్చి 31న త్రైమాసికం ముగింపు రన్ ఉంది. ఆ రాత్రి ఆవిడ లేకుండా నడపడం మాకెవరికీ ధైర్యం చాలదు. అప్పటివరకైనా ఆవిడను కాంట్రాక్టు మీద, తగిన జీతంతో ఉంచమని మా మేనేజరుకు, క్లయింటు మేనేజరుకు నిన్న సాయంత్రం మెయిల్ పంపాను. ఇక్కడికి వచ్చాక ఎవరూ చెప్పకుండా నా అంతట నేను రాసిన మొదటి మెయిల్ అది. ఇంకా జవాబు రాలేదు. ఆవిడ చివరి రోజు ఈ నెల 13. రేపు ఫిబ్రవరి 29 పేజీ చదువుదామన్నారు.